ఎండు ఉల్లి మహువా నుంచా, తరగుపేట నుంచా? బెంగళూరు ఫుడ్ యూనిట్లకు ఒక ఎంపిక సలహా

"కిలో ఎంత పడుతుంది?" ఎండు కూరగాయల గురించి నాకు ఫోన్ చేసేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఇదే. నేను ఎదురు అడిగేది ఒకటుంది. మీ ప్యాకెట్ కొన్నవాళ్లు దాన్ని పొయ్యి మీద ఉడికిస్తారా, కప్పులో వేడినీళ్లు పోసి మూత పెడతారా, లేక అలాగే నోట్లో వేసుకుంటారా? దీనికి జవాబు చెబితే ఏ రకం కొనాలో, ఎవరి దగ్గర కొనాలో సగం తేలిపోతుంది. అది తేలకముందే ధర అడిగితే, ఎవరు తక్కువ చెబితే వాళ్ల మాలు వచ్చి మన గోడౌన్‌లో కూర్చుంటుంది.

మాది మదనపల్లె. హోసకోటే దగ్గర చిన్న యూనిట్ నడుపుతున్నాను. ఉప్మా మిక్స్, వెజ్ పులావ్ మిక్స్, సాంబారు పొడి చేస్తాం. మారతహళ్లి వైపు మన తెలుగు పీజీలకు, కొన్ని ఆఫీసు క్యాంటీన్లకు వేస్తాం. మొదటి ఏడాది పులావ్ మిక్స్ కోసం బఠానీ కొన్నాను. ధర బాగుంది, రంగు ఇంకా బాగుంది. పొయ్యి మీద పన్నెండు నిమిషాలు ఉడికించినా బియ్యం మెత్తబడింది గానీ బఠానీ మాత్రం గోలీల్లాగే ఉంది. ఒక క్యాంటీన్ వాళ్లు మొత్తం సరుకు వాపసు పంపారు. నాకు అమ్మినాయన "గ్రీన్ పీస్ అడిగారు, ఇచ్చాను" అన్నాడు. ఆయన ఇచ్చింది చేలో ముదిరి ఎండిన గింజ, రాత్రంతా నానబెట్టి చాట్‌కి వాడేది. నాకు కావలసింది లేతగా కోసి, ఉడుకునీళ్లలో ముంచి తీసి, తొక్కకు సూదితో చిల్లు పెట్టి ఆరబెట్టిన బఠానీ. ఆ చిల్లులోంచే నీరు లోపలికి దిగుతుంది. బజార్లో రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు, కొనే ముందు ఏదో మనమే విడమరిచి అడగాలి. పచ్చరంగు అద్దిన గింజ కూడా వస్తుంటుంది. గుప్పెడు గింజలు గ్లాసు నీళ్లలో వేసి అరగంట ఆగండి, నీళ్లు పచ్చబడితే ఆ మూట ముట్టుకోకండి.

వాడకాన్ని బట్టి రకం

ఐదు నిమిషాలకు మించి ఉడికే వంటకైతే, అంటే సాంబారు మిక్స్, గ్రేవీ బేస్, ఉప్మా, పులావ్ లాంటివాటికి, వేడిగాలి ట్రేల మీద ఆరబెట్టిన సరుకు చాలు. సాధారణంగా 50 నుంచి 65 డిగ్రీల మధ్య ఆరబెడతారు. ముక్క ముడుచుకుపోయి గట్టిగా ఉంటుంది, ఉడికితే మళ్లీ విచ్చుకుంటుంది. మన యూనిట్లలో నూటికి ఎనభై పాళ్లు అవసరం దీనితోనే తీరుతుంది. ఇంతకన్నా ఖరీదైనదానికి వెళ్లడం ఈ వంటలకు దండగ.

కప్పు నూడుల్స్, కప్పు ఉప్మా, రైల్లో వేడినీళ్లు పోసుకుని తినే పోహా లాంటివి చేస్తుంటే లెక్క మారుతుంది. అక్కడ మంట లేదు, మూడు నుంచి ఐదు నిమిషాలే టైముంది. ఈ పనికి ఫ్రీజ్ డ్రై చేసిన బఠానీ, మొక్కజొన్న వాడాలి. కూరగాయను గడ్డకట్టించి, గాలి లేని గదిలో ఆ మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరిగా లాగేస్తారు. ముక్క ఆకారం చెడదు, లోపల స్పాంజిలా ఖాళీలుంటాయి, వేడినీళ్లు తగలగానే పీల్చుకుంటుంది. వేడిగాలి సరుకుతో పోలిస్తే ధర ఎన్నో రెట్లు. పైగా లారీలో కుదిపితే పొడైపోతుంది, మూత తీసి పది నిమిషాలు ఉంచితే తేమ పట్టి మెత్తబడుతుంది. అందుకే కప్పు సరుకులో కూడా అన్నీ ఫ్రీజ్ డ్రై పెట్టాల్సిన పని లేదు. క్యారెట్, క్యాబేజీ, ఉల్లి ముక్కలను బాగా సన్నగా, రెండు మూడు మిల్లీమీటర్లకు తరిగించి వేడిగాలివే తీసుకోండి, అవి ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి. పెద్ద గింజ ఉన్నవాటికి మాత్రం డబ్బు పెట్టండి.

చిప్స్ మీద చల్లే మసాలా, పాప్‌కార్న్ పొడి, ఇడ్లీ మీద చల్లుకునే కారప్పొడి లాంటి వాటిని కస్టమర్ ఇంట్లో మళ్లీ వేడి చేయరు. వీటిలో వేసే ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి విషయంలో రంగు, రుచి కంటే ముందు సూక్ష్మజీవుల రిపోర్టు చూడాలి. ఎండిన సరుకులో బాక్టీరియా పెరగదు, నిజమే. వాటర్ యాక్టివిటీ, అంటే సరుకులో సూక్ష్మజీవులకు అందే నీటి కొలత, 0.6 కన్నా తక్కువ ఉంటే బూజు కూడా రాదు. కానీ పెరగకపోవడం వేరు, చచ్చిపోవడం వేరు. చేలోంచి, చేతుల్లోంచి వచ్చినవి నిద్రపోయినట్టు అందులోనే ఉంటాయి. అందుకే ఇలాంటి వాడకానికి ఆవిరితో స్టెరిలైజ్ చేసిన పొడి అడగండి, కిలోకి కొంత ఎక్కువైనా సరే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పొడులు పంపేవాళ్లయితే స్టెరిలైజ్ ఎలా చేశారో రాతపూర్వకంగా తీసుకోండి. 2024 ఏప్రిల్‌లో హాంగ్‌కాంగ్, సింగపూర్ అధికారులు మన దేశపు కొన్ని మసాలాల్లో, క్రిములను చంపడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్ అవశేషాలున్నాయని సరుకు వెనక్కి తీయించారు. అప్పటి నుంచి విదేశీ కొనుగోలుదారులు మొదటి మెయిల్‌లోనే ఈ సంగతి అడుగుతున్నారు.

ఎండలో ఆరబెట్టినవాటిని, మన ఒరుగులను, నేను వేరే లెక్కలో పెడతాను. మామిడి ఒరుగు, వంకాయ ఒరుగు, గోరుచిక్కుడు ఒరుగు రుచి ఏ ఫ్యాక్టరీ ట్రేలోనూ రాదు. తెలుగు భోజనం పెట్టే హోటల్ నడుపుతుంటే ఊళ్లో ఆడవాళ్ల దగ్గరే కొనండి, బాగా కడిగి, నానబెట్టి, ఉడికించే వాడండి. మిక్స్ ప్యాకెట్లలో మాత్రం వేయొద్దు. దుమ్ము, పురుగు గుడ్లు, ఒక్కో మూటలో ఒక్కో రకం తేమ ఉంటాయి. వాటికి షెల్ఫ్ లైఫ్ గ్యారంటీ ఇవ్వలేం.

ఉల్లి, వెల్లుల్లి

ఈ రెండింటికీ దేశంలో ఒక పెద్ద గుమ్మం ఉంది. గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లా మహువా. చుట్టుపక్కల పండే తెల్ల ఉల్లి ఎండబెట్టడానికి సరిపోతుంది, ఎండినా తెల్లగా ఉంటుంది. మన దగ్గర దొరికే ఎర్ర ఉల్లిని ఎండబెడితే రంగు గోధుమకు తిరుగుతుంది. బెంగళూరు రోజ్ ఉల్లికి 2015లో జీఐ గుర్తింపు వచ్చింది, ఘాటు బాగుంటుంది, అయినా అది పచ్చిగా ఎగుమతి అయ్యే చిన్న గడ్డ. ఎండు ఉల్లి కోసం దాని వైపు చూడకండి.

మహువా ఫ్యాక్టరీలు సుమారుగా జనవరి చివరి నుంచి మే వరకు జోరుగా నడుస్తాయి. కొత్త పంట ఫ్లేక్స్ (రేకుల్లాంటి ముక్కలు) మార్చి, ఏప్రిల్‌లో బాగా తెల్లగా, ఘాటుగా ఉంటాయి. అదే ఉల్లి వేడి గోడౌన్‌లో నెలలు గడిపితే మీగడ రంగుకు, అక్కడి నుంచి లేత గోధుమకు మారుతుంది. కాబట్టి ఏడాదికి టన్ను పైన వాడేవాళ్లు మార్చిలోనే ఫ్యాక్టరీతో మాట్లాడి ఆరు నెలల సరుకు ఖాయం చేసుకోవడం మంచిది. నేను అలాగే చేస్తున్నాను. 2019 డిసెంబరులో బెంగళూరులో పచ్చి ఉల్లి కిలో 200 రూపాయలు తాకింది. అంతకుముందే ఎండు ఉల్లి కొని పెట్టుకున్న హోటళ్లు ఆ నెల గ్రేవీలు ఆపకుండా గట్టెక్కాయి.

ఫ్యాక్టరీ నుంచి నేరుగా తెచ్చుకుంటే ధర తగ్గుతుంది, లాట్ నంబరు (ఒక విడత తయారీకి వేసే నంబరు) ఒక్కటే ఉంటుంది, ల్యాబ్ రిపోర్టు ఆ లాట్‌దే వస్తుంది. కష్టాలూ ఉన్నాయి. చాలామంది అర టన్నుకు తక్కువైతే పలకరు. డబ్బు ముందే వేయాలి. లారీ చేరడానికి రోజులు పడుతుంది, సరుకు బాగోకపోతే అంత దూరం వాపసు పంపడం అయ్యే పని కాదు. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. ఫ్లేక్స్ బరువు తక్కువ, జాగా ఎక్కువ. పొడి 20, 25 కిలోలు పట్టే డబ్బాలో ఫ్లేక్స్ 14, 15 కిలోలకు మించి పట్టవు. ట్రాన్స్‌పోర్టువాళ్లు జాగాను బట్టి చార్జీ వేస్తే కిలో మీద పడే కిరాయి మారిపోతుంది. గ్రేవీలో ఎలాగూ కరిగిపోయేదానికి ఫ్లేక్స్ ఎందుకు? గ్రాన్యూల్స్ (రవ్వలాంటివి) లేదా సన్న ముక్క తీసుకోండి, కిరాయి కలిసొస్తుంది.

తరగుపేట స్టాకిస్టు

నెలకు యాభై, వంద కిలోలు వాడేవాళ్లకు మహువా అనవసరం. న్యూ తరగుపేటలో, చుట్టుపక్కల వీధుల్లో ఎండు సరుకు పెట్టే టోకు వ్యాపారులున్నారు. ఒక డబ్బా అడిగినా ఇస్తారు. కొన్నాళ్లు నమ్మకంగా కొంటే పదిహేను రోజుల అరువు కూడా దొరుకుతుంది. సరుకు బాగోకపోతే ఆటోలో వేసుకెళ్లి ఎదురుగా నిలబడి మాట్లాడొచ్చు, మొదలుపెట్టేవాళ్లకు ఇది చాలా పెద్ద అండ. మొదటి ఏడాది అక్కడే కొనండి అని నేను అందరికీ చెబుతాను.

చూసుకోవాల్సింది సరుకు వయసు. డబ్బా మీద అసలు ఫ్యాక్టరీ లేబుల్ లేకుండా, తెల్ల గోనెలోకి మార్చి కట్టింది తీసుకోకండి. ఒకసారి ఒక షాపులో "అక్కా, ఈ సీజన్ మాలే, నిన్న దిగింది" అని పైనుంచి గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. "అన్నా, లోపలి నుంచి తీసి ఇవ్వండి" అన్నాను. మోచేతి దాకా చెయ్యి దింపి తీస్తే, పై గుప్పెడు తెల్లగా, లోపలిది బెల్లం రంగులో ఉంది. పాత మాలు మీద కొత్తది పరిచారు. ఆ రోజు నుంచి నేను మూట మధ్యలోంచి, అడుగు నుంచి రెండు సాంపిళ్లు తీయించకుండా డబ్బు ఇవ్వను.

ఇక ఫోన్‌లో చూసి ఆర్డర్ పెట్టే టోకు సైట్ల గురించి ఎక్కువ చెప్పను. ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవడానికి, ధర అందాజుకు పనికొస్తాయి. అక్కడ "మ్యానుఫ్యాక్చరర్" అని రాసుకున్నవాళ్లలో మధ్యవర్తులు చాలామంది. ఫ్యాక్టరీ వీడియో కాల్‌లో చూపించమనండి, తప్పించుకుంటుంటే వదిలేయండి.

టమాటా, కరివేపాకు: దగ్గరివాళ్లే మేలు

మా ఊరి సరుకు అని చెప్పడం లేదు, లెక్క చూడండి. టమాటాలో 94 శాతం దాకా నీళ్లే. వంద కిలోలు ఆరబెడితే చేతికొచ్చేది ఐదారు కిలోలు. పచ్చి టమాటా కిలో 8 రూపాయలున్న వారం ఎండు కిలోకి ముడిసరుకు ఖర్చే 145 దగ్గర పడుతుంది. 40 రూపాయలున్నప్పుడు అదే ఖర్చు 700 దాటుతుంది. 2023 జులైలో కిలో వంద దాటి పోయినప్పుడు ఎండు టమాటా ఎవరూ చేయలేరు. అంటే ఎండు టమాటా ధర మొత్తం, ఏ వారం కొని ఆరబెట్టారు అన్నదాని మీదే ఉంది. మదనపల్లె, కోలారు మార్కెట్లు మనకు రెండు మూడు గంటల దూరం. రైతు క్రేటు దింపిన కిరాయి కూడా రాక రోడ్డు పక్కన పారబోసే వారాలు ప్రతి ఏడాదీ వస్తాయి, నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ వారాల్లో డ్రయ్యర్ ఉన్న చిన్న యూనిట్‌కి మనం ముందుగా ఆర్డరిచ్చి ఉంటే, రైతుకు ఎంతో కొంత చేతికొస్తుంది, మనకు ఏడాది సరుకు అందుబాటు ధరలో వస్తుంది. కర్నూలు వైపు పొదుపు సంఘాల ఆడవాళ్లు సోలార్ డ్రయ్యర్ల మీద ఉల్లి, టమాటా ఆరబెడుతున్నారు. చిన్న ఆహార యూనిట్లకు 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. దానితో డ్రయ్యర్లు పెట్టుకున్నవాళ్లను వెతకండి.

వీళ్ల దగ్గర కొనేటప్పుడు ఒక్కో లాట్ ఒక్కోలా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. ముక్క సైజు, ఆరిన తీరు మీరు చెప్పి చేయించుకోవాలి. మొదటి రెండు లాట్లకు మీరే వెళ్లి పక్కన నిలబడండి. టమాటా పొడి కావాలంటే మాత్రం తేడా తెలుసుకోండి. ముక్కలు ఆరబెట్టి దంచిన పొడి ముతకగా, ముదురు ఎరుపుగా, పుల్లగా ఉంటుంది. ఫ్యాక్టరీలో రసాన్ని చిమ్మి ఆరబెట్టిన స్ప్రే డ్రై పొడి మెత్తగా కరిగిపోతుంది, కానీ అందులో సాధారణంగా మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి చేసే తెల్ల పొడి) కలిపి ఉంటుంది. అది తప్పేమీ కాదు, ఎంత శాతమో చెప్పాలి అంతే. సగం అదే ఉన్న పొడిని టమాటా ధరకు కొంటే నష్టం మనది.

కరివేపాకు, మునగాకు కూడా దగ్గర్లోనే కొనండి. ఎండలో వేస్తే ఆకు పాలిపోతుంది, వేడి ఎక్కువైతే వాసన ఇచ్చే నూనె ఎగిరిపోతుంది. నీడలోనో 50 డిగ్రీలు దాటకుండానో ఆరబెట్టినదై ఉండాలి. రెండు ఆకులు అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకోండి, గడ్డి వాసన వస్తే వద్దు. కసూరీ మేథీ ఒక్కటి రాజస్థాన్‌లోని నాగౌర్ వైపు నుంచి రావాల్సిందే.

స్టీలు గ్లాసు, టీ వడకట్టు

సాంపిల్ వచ్చిన ప్రతిసారీ నేను ఇదే చేస్తాను, పావుగంట పని. 0.1 గ్రాము చూపించే చిన్న కాటా ఉండాలి. గ్లాసులో 10 గ్రాముల ముక్కలు వేసి 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి మూత పెడతాను. పది నిమిషాలయ్యాక టీ వడకట్టులో ఒంచి, చుక్కలు ఆగేదాకా రెండు నిమిషాలు వదిలి తూస్తాను. వడకట్టిన నీళ్లు గాజు గ్లాసులో వెలుతురుకు పెట్టి చూస్తాను. టీ రంగు వస్తే ట్రే మీద మాడింది. అడుగున ఇసుక దిగితే సరిగా కడగలేదు. చివరికి అన్నిటికన్నా మందమైన ముక్క కొరికి చూస్తాను, మధ్యలో తోలులా సాగితే ఆ ముక్క వంటలోనూ అలాగే ఉంటుంది.

ఇప్పుడు ధర దగ్గరికి రండి. లెక్క కోసం అనుకుందాం, ఒకరు ఎండు క్యారెట్ కిలో 300 అన్నారు, 10 గ్రాములు నానితే 40 గ్రాములు అయ్యింది. ఇంకొకరు 360 అన్నారు, 10 గ్రాములు 60 అయ్యింది. నానిన కిలో మొదటివారిది 75 రూపాయలు, రెండోవారిది 60. మొదటివారి మూట జల్లెడ పడితే కిలోకి 80 గ్రాములు పొడి, తుక్కు పోయిందనుకోండి, నానిన కిలో 81 దాటుతుంది. చౌక అనుకున్నది ఇంత ఖరీదు. బేరం కూడా ఈ అంకె మీదే చేయండి. అమ్మేవాడికి కాగితం మీద చూపిస్తే చాలాసార్లు దిగొస్తారు.

ఉల్లి, వెల్లుల్లి పొడికి ఇంకో పరీక్ష ఉంది. ఈ రెండింటిలో పిండి పదార్థం దాదాపు ఉండదు. అర చెంచా పొడి కొద్ది నీళ్లలో ఒక పొంగు రానిచ్చి, పూర్తిగా చల్లారాక మెడికల్ షాపు టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేయండి. నీలం, నలుపు తిరిగితే మైదానో జొన్నపిండో కలిసింది. వేడిగా ఉన్నప్పుడు వేస్తే రంగు సరిగా కనిపించదు, చల్లారనివ్వాలి.

కాగితాలు

బిల్లు మీద, డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి, వాళ్ల ఫోస్కాస్ పోర్టల్‌లో కొట్టి ఇంకా చెల్లుబాటులో ఉందో చూడండి. ల్యాబ్ రిపోర్టు మీకు పంపే లాట్‌దై ఉండాలి. ఏడాది క్రితం తీయించిన ఒక రిపోర్టునే అందరికీ పంపేవాళ్లు ఉన్నారు, డబ్బా మీది లాట్ నంబరుతో కలిపి చూస్తే బయటపడుతుంది. కొత్త సరఫరాదారు మొదటి లాట్‌కు ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లో మీ ఖర్చుతో పరీక్షలు చేయించుకోండి: తేమ, ఈస్ట్ - బూజు, ఈ-కోలి, సాల్మొనెల్లా, సల్ఫర్ డయాక్సైడ్. సాల్మొనెల్లా 25 గ్రాముల్లో అసలు ఉండకూడదు.

సల్ఫర్ సంగతి కొంచెం ఆగి చెప్పాలి. క్యాబేజీ, క్యారెట్, బంగాళదుంప నల్లబడకుండా కేఎంఎస్ (పొటాషియం మెటాబైసల్ఫైట్ అనే సల్ఫర్ ఉన్న ఉప్పు) నీళ్లలో ముంచుతారు. అనుమతి ఉన్నదే, పరిమితి ఉంది. కానీ ఆస్తమా ఉన్న కొందరికి ఇది పడదు. అందుకే తయారైన ఆహారంలో సల్ఫైట్ కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే లేబుల్ మీద అలర్జీ హెచ్చరికలో రాయాలని నిబంధన. మీ సరఫరాదారు చెప్పకపోతే మీరు రాయలేరు, తినేవాళ్లు తెలుసుకోలేరు. "సల్ఫర్ వేశారా, ఎంత" అన్న ప్రశ్న ప్రతి లాట్‌కూ అడగండి. క్యాబేజీ మరీ మల్లెపూవులా తెల్లగా ఉంటే రెండుసార్లు అడగండి.

వీటన్నిటిలో ఎక్కడ సందేహం వచ్చినా మైసూరు దగ్గర్లోనే ఉంది. 1950 నుంచి అక్కడున్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో చిన్న యూనిట్లవాళ్లకు శిక్షణ తరగతులు పెడతారు. ఉదయం బస్సెక్కితే పని చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు.

మొదటి ఆర్డర్ ఎలా విడగొట్టాలి

ఇప్పుడే మొదలుపెడుతుంటే ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్, బఠానీ తరగుపేటలో ఒక్కో డబ్బా, కరివేపాకు, టమాటా దగ్గరి యూనిట్ నుంచి ఇరవై ముప్పై కిలోలు. ఫ్రీజ్ డ్రై కప్పు సరుకుకు మాత్రమే, అదీ నెలకు సరిపడా. ఒకే సరుకుకు ఇద్దరు సరఫరాదారులను పెట్టుకోండి, ఎక్కువ భాగం ఒకరి దగ్గర, కొద్దిగా రెండోవారి దగ్గర. పచ్చి ధర పెరిగిన నెలలో మొదటివారు ఫోన్ ఎత్తకపోతే రెండోవారు ఆదుకుంటారు. ఉల్లి వాడకం నెలకు వంద కిలోలు దాటాక, ఆ తర్వాత వచ్చే మార్చిలో మహువాకు ఫోన్ చేయండి.

జూన్ నుంచి అక్టోబరు దాకా ఉల్లి పొడి పెద్ద నిల్వ పెట్టకండి. పొడి తేమ 5, 6 శాతం దాటకుండా వచ్చినా, మన వానాకాలం గాలికి విప్పిన సంచి వారంలో రాయి అవుతుంది. చెన్నైలో యూనిట్ ఉన్నవాళ్లకు సముద్రపు గాలి వల్ల ఏడాదంతా ఇదే బాధ. 25 కిలోల సంచి దిగిన రోజే, పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసి, ఐదేసి కిలోల మందపు కవర్లలోకి మార్చి సీలు వేయించండి. చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. క్యారెట్ కవర్లను నల్ల కవర్‌లో ఉంచండి, వెలుతురు తగిలితే రంగు పోతుంది. ప్రతి కవర్ మీద లాట్ నంబరు, విప్పిన తేదీ స్కెచ్ పెన్‌తో రాయించండి.